బకెట్ నెత్తిన పెట్టుకున్న కొంగ

కొంగ ఇంకా గంతులేస్తూనే ఉంది.

మంచం అంచున కూర్చున్న కోడలు పిచ్చుక ఒళ్ళో ట్యాబ్, ట్యాబ్‌లో వాన, వానలో కొంగ. నెత్తిన ఎర్ర ప్లాస్టిక్ బకెట్, ముక్కు మీదికి జారిపోయిన కళ్ళజోడు. బకెట్ మీద చినుకు పడ్డప్పుడల్లా అది ఒంటికాలి మీద గిర్రున తిరిగి, గుంటలో నీళ్ళు చిమ్మి, పకపకా నవ్వి, మళ్ళీ మొదటికొస్తోంది. ఎవరూ ఆపకపోతే అలా తిరుగుతూనే ఉంటుంది. అందులో దాని తప్పేమీ లేదు. గీసిన చెయ్యి పిచ్చుకది.

హాల్లోంచి అత్తగారి గొంతు వినబడుతోంది. ఆవిడ వెనకగది బయట నిలబడి, మూసిన తలుపుతో మాట్లాడుతోంది.

"పసిపిల్ల పోయిందన్న మాట కిందా నువ్వు బొమ్మలాడించేది? మీ ఆఫీసావిడెవరో ఫోను చేసి తలవాచేలా చివాట్లు పెట్టింది. నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తిన పాపానికి అవి నాకు పడ్డాయి."

తలుపు అవతలి నుంచి ఇస్త్రీపెట్టె తడిబట్ట మీద సుయ్‌మంటున్న చప్పుడు మాత్రం వస్తోంది. పొద్దుటి నుంచీ ఆ గదిలో ఇస్త్రీ అవుతూనే ఉంది. అయిన బట్టలే మళ్ళీ అవుతున్నాయి.

"మొగుడు పోయిన బాధ తెలిసినదానివి. ఇంకొకళ్ళ కడుపుకోత నీకు తెలీదా?"

పిచ్చుక వెళ్ళి, వదినను ఏమీ అనకండి అత్తయ్యా, అది నా పని అని చెప్పేయాలనుకుని లేచింది కూడా. కాళ్ళు గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాయి.

పొద్దున జరిగింది ఇదీ. భర్తకు అక్కయిన ఈ వదినా తనూ పనిచేసేది ఒకే కంపెనీలో. పిల్లల పాఠ్యపుస్తకాలు తయారుచేసే కంపెనీ అది. ఆఫీసంటూ ఒక గది లేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేస్తారు. వదిన ప్రూఫులు దిద్దుతుంది. పిచ్చుక బొమ్మలు గీస్తుంది. పేజీలు కూర్చే అతన్ని అందరూ ఉడుత అంటారు. వీళ్ళందరినీ ఒక దారిలో నడిపే మనిషి మేనేజర్ మేడం. కొన్నాళ్ళుగా ఆసుపత్రిలో ఉన్న ఉడుత కూతురు తెల్లవారుజామున పోయిందని మేడం గ్రూపులో రాసింది. చదివినవాళ్ళకు ఏం రాయాలో తోచక వేళ్ళు ఆగిపోయిన ఆ నిమిషాన, సరిగ్గా ఆ మాట కింద, వదిన పేరు వెలిగింది. పేరు పక్కన ఈ కొంగ.

గిర్రున తిరిగింది. నీళ్ళు చిమ్మింది. పకపకా నవ్వింది.

వదిన అప్పుడు స్నానానికి వెళ్ళింది. ముందురోజే సముద్రం దగ్గర్నుంచి తిరిగొచ్చిన పిచ్చుక అలుపుతో ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంది. పంపినవాళ్ళు తప్ప ఇంకొకరు తీసే వీలు లేదు కాబట్టి కొంగ చాలాసేపు అలా ఆడింది. ఇది మనిషి చేసే పనేనా అని ఒకరు రాశారు. మిగతావాళ్ళు అదీ రాయలేదు. వదిన తల తుడుచుకుంటూ వచ్చి, చూసి, బొమ్మ తీసేసి, లాప్‌టాప్ మూసి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నాలుగింటికి వీడియో కాల్ ఉంది. మేడంతో పాటు ఆవిడకు పైఅధికారిగా వచ్చిన పెద్దాయన కూడా కూర్చుంటాడట. వదిన ఉద్యోగం ఉండేదీ ఊడేదీ అక్కడే తేలుతుంది.

ఆ కొంగను పంపింది వదిన కాదన్న సంగతి తనకొక్కదానికే తెలుసని పిచ్చుక అనుకుంటోంది.

*

ఈ బొమ్మల సరదా మొదలుపెట్టిందే పిచ్చుక. ఎప్పుడూ ఒకచోట కలవని మనుషులు పొద్దున్నే శుభోదయం అని రాసుకుంటే, బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీలా ఉంటోందని ఆమె బాధ. అందుకని ఒక్కొక్కరికీ ఒక జంతువును గీసి, దానికి నాలుగు గంతులు నేర్పి, ఎవరి జంతువును వాళ్ళకిచ్చింది. మేడంకి ఆవులించే ఎలుగుబంటి. పేజీలు కూర్చే అతనికి కాగితాలను వేరుశనక్కాయల్లా బుగ్గల్లో కుక్కుకునే ఉడుత. ప్రూఫులు దిద్దే వదినకు కళ్ళజోడు కొంగ. ఒంటికాలి మీద కదలకుండా నిలబడి, పేజీలో ఈదే తప్పును చేపపిల్లలా టక్కున ముక్కుతో పట్టేస్తుంది. తనకు మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి కిందపడేసే పిచ్చుక. ఆఫీసువాళ్ళు వీటిని జిఫ్‌లంటారు. అత్తగారు గంతుల బొమ్మలంటుంది.

అవి వచ్చాక గ్రూపుకి ప్రాణం వచ్చింది. పనెక్కువైన రోజు ఉడుత బుగ్గలు పగిలేలా ఉబ్బేవి, అది చూసి ఎవరో ఒకరు అతని పేజీలు రెండు అందుకునేవాళ్ళు. ఎప్పుడూ ఎదురుపడని మనుషులు ఒకరి అలసట ఒకరికి తెలిసేలా బతికారు.

ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువ నవ్వించింది వదినే. పిచ్చుకకు ఆ పేరు పెట్టిందీ వదినే. ఒకరోజు వీడియోలో మాట్లాడుతుంటే వదిన వెనకాల స్టూలు ఎక్కి ఎవరో బల్బు మారుస్తున్నారు. మోకాళ్ళ కింద భాగమే కనబడుతోంది. "ఆ కాళ్ళు మా తమ్ముడివి. లిఫ్టులు బాగుచేస్తాడు. పైభాగం కూడా బాగానే ఉంటుంది, చూస్తావా?" అంది వదిన. పిచ్చుక ఆ రోజంతా ఒక్క గీత సరిగ్గా గీస్తే ఒట్టు. పెళ్ళయి ఇన్నాళ్ళయినా భర్త స్టూలెక్కితే ఇప్పటికీ పనులన్నీ మానేసి ఆ కాళ్ళవంకే చూస్తుంది.

పెళ్ళి కుదిరిందిగాని, పెళ్ళికి ముందే వదిన భర్త పోయాడు. పనికి బయల్దేరినవాడు మెట్ల మీదే కుప్పకూలిపోయాడు. వదిన పుట్టింటికొచ్చి వెనకగదిలో చేరింది. పిచ్చుక ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి, తనను నవ్వించి నవ్వించి ఇక్కడిదాకా లాక్కొచ్చిన మనిషి పెదవి విప్పడం మానేసి ఉంది. ప్రూఫులు మాత్రం దిద్దేది. పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, హాల్లో బల్ల ముందు కూర్చుని, ఒక్క అక్షరం కూడా జారిపోనివ్వకుండా దిద్దేది. బొమ్మ మాత్రం పంపేది కాదు.

అది ఎవరూ తప్పు పట్టలేదు, పైనుంచి పెద్దాయన వచ్చేదాకా. ఆయనకు ఈ బొమ్మలు తెగ నచ్చాయి. నచ్చి ఊరుకుంటే బాగుండేది. ఎవరు పంపుతున్నారు, ఎవరు పంపడం లేదు అని చూడటం మొదలుపెట్టాడు. బొమ్మ పంపనివాళ్ళకు మనతో కలిసి ఉండాలని లేనట్టే కదా అన్నాడట. మనుషుల్ని తగ్గిస్తారన్న పుకారు అప్పటికే ఉంది.

వదిన ఉద్యోగం పోతుందని పిచ్చుక భయపడింది. వదిన లాప్‌టాప్ సర్దిపెట్టింది తనే, పాస్‌వర్డ్ తెలుసు. ఒక పొద్దున వదిన పేరుతో కొంగను పంపేసింది. గ్రూపంతా చప్పట్లు కొట్టింది. మర్నాడూ పంపింది. వదిన చిన్నప్పటి అల్లరి కబుర్లు రాత్రి భోజనాల దగ్గర భర్త చెబుతుంటే, పొద్దుటికల్లా అవి కొంగ చేష్టలైపోయేవి. కొంగ గోడ దూకేది. కొంగ చీపురుతో పాటకచేరీ పెట్టేది. సముద్రం చూడ్డానికి వెళ్ళేముందు, ఊళ్ళో లేని రోజులకూ, తిరిగొచ్చాక ఇంకొన్ని రోజులకూ సరిపడా కొంగల్ని గీసి, చెప్పిన వేళకు వాటంతట అవే వెళ్ళేలా పెట్టి, గవ్వలు ఏరుకోవడానికి పరిగెత్తింది.

ఆ ఇసుక ఇంకా ఆమె చెప్పుల్లో ఉంది.

*

భర్త మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా గ్రీజు.

"ఏంటి పిచ్చుకా, ఇల్లు రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా ఉంది?"

మామూలుగా అయితే ఇది ఆమెకు రోజు మొత్తంలో ఇష్టమైన వేళ. వంటింట్లో సింకు దగ్గర అతని చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, పంచదారా నూనే కలిపి రుద్దితే గ్రీజు కరిగి గోళ్ళు ఒక్కొక్కటే తెల్లగా బయటపడతాయి. చిన్నపిల్లాడిలా నిలబడి రుద్దించుకుంటాడు. ఇవాళ కూడా నిలబడ్డాడు. ఆమె రుద్దుతూ, అతని ముఖంలోకి చూడకుండా, వేళ్ళతోనే మాట్లాడుతున్నట్టు మొత్తం చెప్పేసింది.

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. పంచదార పలుకులు గచ్చు మీద రాలాయి.

"అక్క పేరుతో రోజూ నవ్వింది నువ్వన్నమాట."

"వదిన ఉద్యోగం నిలబెడదామని."

"అక్కకి తెలుసా?"

తెలియదని తల ఊపింది. అతను కుళాయి కట్టేశాడు. తర్వాత గొంతు తగ్గించి, మాటలు పళ్ళ మధ్య నలుపుతూ, చాలా అన్నాడు. ఒకరి పేరుతో ఇంకొకరు లోపలికి వెళితే ఇద్దర్నీ పంపించేస్తారని నీకు తెలియదా అన్నాడు. నిజం చెబితే అక్క ఇన్నాళ్ళూ ఒక్క బొమ్మా పంపలేదని బయటపడుతుంది, అప్పుడూ పోయేది ఆవిడే అన్నాడు. చెప్పకపోతే పసిపిల్ల చావు మీద నవ్విన మనిషిగా పోతుంది అన్నాడు. ఏ మీట నొక్కినా కిందికే పోయే లిఫ్టు తయారుచేశావు అన్నాడు.

"ఆ ప్రూఫులున్నాయి కాబట్టి అక్క పొద్దున్నే లేస్తోంది. అవి పోతే లేవదు. ఆ సంగతి నీకూ తెలుసు."

ఆమెకు తెలుసు. అందుకే కదా చేసింది.

"ముందు ఆ మిగిలినవాటిని తుడిచెయ్" అన్నాడు. "రేపు ఇంకోటి వెళ్ళిందంటే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు."

ఆమె చేతులు కడుక్కుని ట్యాబ్ తెచ్చింది. రేపటి కొంగ కిటికీలోంచి తొంగిచూస్తోంది. ఎల్లుండి కొంగ తన తోకను తనే పట్టుకోవాలని చూస్తోంది. నొక్కినప్పుడల్లా ట్యాబ్ నిజంగానే తీసేయమంటావా అని అడిగింది. అడిగినప్పుడల్లా అవునంది. చివరికి బకెట్ కొంగ మిగిలింది. దాన్ని గీయడానికి పడ్డ సరదా గుర్తొచ్చింది. చినుకు బకెట్ మీద పడి విరిగే తీరు కుదరక ఎన్నిసార్లు చెరిపి గీసిందో, కుదిరినప్పుడు మంచమెక్కి ఎలా గెంతిందో గుర్తొచ్చింది. దాన్నీ తీసేసింది. ట్యాబ్ తెల్లబోయింది.

అతను గోడకు ఆనుకుని ఇదంతా చూశాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది.

"ఇప్పుడు వెళ్ళి అక్కకి చెప్పు."

"ఇందాక నువ్వే..."

"భయపడి అన్నాను. నువ్వు చెప్పకపోతే మనిద్దరం ఈ ఇంట్లో మళ్ళీ ఎట్లా నవ్వుకుంటాం పిచ్చుకా?"

*

వెనకగది తలుపుకు గడియ పెట్టి లేదు. దగ్గరికి వేసి ఉంది, అంతే. ఇంతసేపూ ఎవరూ తోసి చూడలేదు.

లోపల వేడి. మంచం నిండా మడతలు పెట్టిన బట్టలు, అంచుకు అంచు కలిసేలా. వదిన ముందున్న బల్ల మీద ఒక మగవాళ్ళ చొక్కా పరిచి ఉంది. గుండీల మధ్య సందుల్లోకి ఇస్త్రీపెట్టె మొనను జాగ్రత్తగా పోనిస్తోంది. ఆ చొక్కా తొడుక్కునే మనిషి ఈ లోకంలో లేడు.

"వదినా, ఆ కొంగ..."

"తెలుసు."

పిచ్చుక ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చింది.

"మొదటిరోజే తెలుసు. నా పేరు మీద చేపను పట్టుకుని తిరుగుతుంటే నాకు కనబడదా? తప్పులు పట్టి బతికే కళ్ళు ఇవి."

"మరి నన్ను ఎందుకు ఆపలేదు మీరు?"

వదిన చొక్కాను తిప్పి పరిచింది. కాలరు మీద నీళ్ళు చిలకరించింది.

"నా బదులు ఎవరో ఒకరు నవ్వుతున్నారు కదా అని ఊరుకున్నాను. నాకు చేతకాని పని ఇంకొకరు చేసిపెడుతుంటే వద్దనబుద్ధి కాలేదు. పొద్దున్నే నువ్వు పంపేదాకా ఆగి, చూసుకుని, అప్పుడు పనిలో కూర్చునేదాన్ని. ఇవాళేం చేసిందో ఈ పిల్ల అని."

ఇది తిట్టు కాదు. తిట్టయితే బాగుండునని పిచ్చుకకు అనిపించింది. కళ్ళు తుడుచుకుని, తప్పు నాది, నాలుగింటికి నేనే కూర్చుని చెబుతాను అంది.

"ఆ బకెట్ సంగతి వాడు చెప్పాడా నీకు?"

"ఆయనే. చిన్నప్పుడు మీరు వానలో బకెట్ నెత్తిన పెట్టుకుని వీధంతా తిరిగారని, అందరూ పడీపడీ నవ్వారని."

"ఎందుకు తిరిగానో చెప్పాడా?"

చెప్పలేదు. భర్తకు కూడా తెలియదేమో.

"వాడికి ఒళ్ళు కాలిపోతోంది జ్వరంతో. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు, గొడుగు లేదు. మందుల షాపు వీధి చివర. దారిపొడుగునా జనం నవ్వుతూనే ఉన్నారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. బకెట్ కింద ఎవరికి కనబడుతుంది?"

ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. ఇన్ని నెలల్లో ఇన్ని మాటలు ఒక్కసారి ఆవిడ నోట వినలేదు పిచ్చుక. వింటున్నందుకు సంతోషం కలగబోయి, ఆ సంతోషానికి సిగ్గేసింది.

"నాలుగింటికి నేను మాట్లాడతాను. నువ్వు నోరెత్తకు" అంది వదిన.

"అదెలా కుదురుతుంది? మీరు పంపలేదు కదా."

"వెళ్ళింది నా పేరు మీద."

"మీరు ఏమన్నా సరే, నేను చెప్పేస్తాను వదినా."

వదిన మొదటిసారి తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది.

"నువ్వూ వాడూ సముద్రం చూసొచ్చారు. మీ గది నుంచి నవ్వులు వినబడతాయి. నాకు మంచిగానే ఉంటుంది, ఒట్టు. కాని నా ఇల్లు పోయింది, నా మనిషి పోయాడు. మిగిలింది నా పేరొక్కటే. దానికొచ్చిన నిందను కూడా నువ్వే మోస్తానంటే, ఇక నాదంటూ ఏముంది?"

పిచ్చుక వెనక ఏదో కదిలినట్టయి తిరిగి చూస్తే గుమ్మంలో అత్తగారు. చేతిలో కాఫీ గ్లాసు. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. కూతురికిచ్చిన చివాట్లను వెనక్కి తీసుకునే దారి తెలియక, గ్లాసును బట్టల దొంతర పక్కన పెట్టి, ఆ మంచం మీదే ఒక మూల కూలబడింది.

"నాకు రోజూ చూపించేది ఈ పిల్ల" అంది, గోడతో చెబుతున్నట్టు. "నువ్వు పంపిన బొమ్మ అని చెప్పేది. నా కూతురు తేరుకుందిలే అనుకున్నాను."

కాఫీ చల్లారిపోయింది.

*

నాలుగింటికి వదిన తల దువ్వుకుని హాల్లో బల్ల ముందు కూర్చుంది. లాప్‌టాప్ తెరిచింది. తెర మీద రెండు ముఖాలు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖం మేడంది. రెండోది పెద్దాయనది. ఆయన వెనక పుస్తకాల అరలు, అరల్లో పుస్తకాలకంటే మొక్కలే ఎక్కువ.

పిచ్చుక గోడ పక్కన, కెమెరాకు కనబడకుండా నిలబడింది. గుమ్మంలో భర్త. పనికి తిరిగి వెళ్ళలేదు. చేతులు ఎప్పుడు కడుక్కున్నాడో, గోళ్ళలో నలుపు మాత్రం పోలేదు. పిచ్చుక నిర్ణయించేసుకుంది. వదిన ఒప్పుకున్న మరుక్షణం ఒక్క అడుగు పక్కకు వేసి తెరలోకి వచ్చేస్తుంది. తర్వాత వదిన ఇక ఎప్పటికీ మాట్లాడకపోయినా సరే.

మేడం మొదలుపెట్టింది. మీలాంటి మనిషి ఇలా చేస్తారని కలలో కూడా అనుకోలేదని, గ్రూపులో ఇద్దరు మీతో పని చేయమంటున్నారని, ఏదైనా పొరపాటు జరిగిందా అని అడిగింది. ఆ చివరి మాటలో చిన్న ఆశ ఉంది. పెద్దాయన తల వంచి ఏదో చూసుకుంటున్నాడు.

"పొరపాటేనండి" అంది వదిన. "ముందే పెట్టి ఉంచిన బొమ్మ అది. పాప సంగతి తెలియకముందు పెట్టింది. వెళ్ళకుండా ఆపి ఉండాల్సింది, ఆపలేదు."

"పంపింది మీరేనా?"

"నేనే."

పిచ్చుక అడుగు వేసింది.

తెర అంచున, ఆమె గాజుల చెయ్యి సగం కనబడింది. మేడం చూపు అటు తిరిగింది. పక్కన ఎవరున్నారని అడగబోయి, ఎందుకో ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీతో ఇంకో సంగతి చెప్పాలి" అంది. "క్షమించమని అడగడానికి ఉడుతకి ఫోను చేశాను. ఎత్తలేదు. తర్వాత ఇది పంపాడు. మీకు వినిపించమన్నాడు."

ఫోనును మైకు దగ్గర పెట్టింది. ముందు ఎవరెవరో మాట్లాడుకుంటున్న గోల, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. తర్వాత ఒక మగగొంతు. ఇన్నాళ్ళూ బుగ్గలుబ్బిన ఉడుతగానే తెలిసిన మనిషి గొంతు, బొంగురుగా, తెరలు తెరలుగా.

"కొంగమ్మగారిని ఎవరూ ఏమీ అనొద్దు మేడం. మా పాప లేవగానే కొంగ వచ్చిందా అనే అడిగేది. సూది వేయించుకోవాలన్నా కొంగను చూపించాలి. ఆవిడకి ఎంత కష్టమొచ్చిందో చూడు తల్లీ, అయినా మనకోసం రోజూ పంపుతున్నారు, నువ్వు కూడా ఏడవకూడదు అని చెప్పేవాణ్ణి. నేనూ అట్లాగే చెప్పుకునేవాణ్ణి. ఇవాళ పొద్దున కూడా వచ్చింది. పాప పక్కన కూర్చుని చూశాను. నెత్తిన బకెట్ ఉంది కదా. మళ్ళీ చూద్దామంటే కనబడలేదు. ఎందుకు తీసేశారు? తీసుకెళ్ళేలోపు ఇంకొక్కసారి... ఆవిణ్ణి మళ్ళీ పంపమనండి. ఆవిడ చేత్తోనే పంపమనండి."

గోల మళ్ళీ వినబడింది. ఆగిపోయింది.

పెద్దాయన తలెత్తాడు. గుమ్మంలో అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ బొమ్మ మీ దగ్గర ఉందా అండి?" అని అడిగింది మేడం, చాలా మెల్లిగా.

వదిన వేలు చాచి మైకు ఆపింది. తెర మీద ఎర్రటి గుర్తు పడింది. కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి, గోడ పక్కన, తెరకు సగం లోపలా సగం బయటా నిలబడిపోయిన మరదలి వంక చూసింది.

"ఆ పాప చూస్తోందని నీకు తెలుసా?"

"తెలీదు వదినా."

"బొమ్మ ఇలా తే."

పిచ్చుక కదల్లేదు. ఆమె చూపు వదిన మీంచి భర్త మీదికి వెళ్ళింది. అతను ముఖం తిప్పుకున్నాడు. ఆ ఇద్దరి ముఖాలూ చదివేసరికి, తప్పులు పట్టే కళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది.

"తుడిచేశావు."

"మళ్ళీ గీస్తాను. ఇప్పుడే, ఇక్కడే కూర్చుని గీస్తాను. అచ్చం అలాగే..."

"గీస్తావు. పంపేది ఎవరు?"

తెర మీద రెండు ముఖాలు, మాట వినబడక, ఎదురుచూస్తున్నాయి. వదిన చెయ్యి మైకు మీటను వదల్లేదు. ఇన్ని నెలల్లో ఆవిడ ఈ ఇంట్లో ఎవరినీ ఏదీ అడగలేదు.

"చెప్పు పిచ్చుకా. అసలు ఒక్కటీ పంపని నన్ను పట్టుకుని ఆ తండ్రీకూతుళ్ళిద్దరూ అన్నాళ్ళు ధైర్యం తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆయనకి నేనేం చెప్పను?"